గర్భస్థ మద్యప్రభావం – తొలి ఏళ్ల పెంపకం: మిడిల్ పాయింట్ తెలుగు కుటుంబాల నేపథ్యంలో ఒక పరిశీలన

కడుపుతో ఉన్న తల్లి తాగితే బిడ్డకు హాని కలుగుతుందన్న విషయంలో వైద్యులకు ఇవాళ భిన్నాభిప్రాయం లేదు. ఆ హానితో పుట్టిన బిడ్డ ఆ తర్వాత ఎవరి చేతుల్లో, ఎలాంటి ఇంట్లో పెరిగాడన్న దాన్ని బట్టి అతని జీవితం ఎంతవరకు మారుతుందన్నది ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న. మెదడుకు ఒకసారి జరిగిన నష్టాన్ని పెంపకం తుడిచేయలేదు. కానీ ఆ నష్టం బిడ్డను ఎంత దూరం లాక్కుపోతుందో చాలావరకు తేల్చేది పెంపకమే. అందుకు ఆధారాలున్నాయి.

పోర్ట్ బ్లెయిర్ నడిబొడ్డున, మానవశాస్త్ర మ్యూజియం ఉన్న ప్రాంతం మిడిల్ పాయింట్. 2024 సెప్టెంబరులో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో అధికభాగం శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు వెళ్లి స్థిరపడినవారు. తొలి పురుటికి ఆడపిల్లను పుట్టింటికి తీసుకురావడం మన ఆనవాయితీ. పుట్టిల్లు సముద్రానికి అవతల ఉన్నప్పుడు, విశాఖ ఓడ ఎక్కితే దిగడానికి రెండున్నర, మూడు రోజులు పట్టేటప్పుడు, ఆ ఆనవాయితీ చాలా ఇళ్లలో సాగదు. అమ్మమ్మ చేయాల్సిన పని ఇరుగుపొరుగు మీద, ఆశా కార్యకర్త మీద, అంగన్‌వాడీ టీచరు మీద పడుతుంది. తొలి ఏళ్ల పెంపకం గురించి మాట్లాడటానికి ఈ చోటును ఎంచుకోవడానికి కారణం అదే.

ఇక మద్యం సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన వారిలో తెలంగాణలో పురుషులు నూటికి 43 మంది, స్త్రీలు దాదాపు ఏడుగురు మద్యం తాగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 23 మంది, స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు. అండమాన్ నికోబార్‌లో పురుషులు సుమారు 39 మంది, స్త్రీలు సుమారు ఐదుగురు. ఈ అంకెల్లో స్త్రీల సంఖ్య చిన్నదని సమస్యను పక్కన పెట్టడం పొరపాటు. ఆడవాళ్లు తాగుతామని సర్వేలో ఒప్పుకోవడానికి జంకుతారు. దానికి మించిన కారణం మరొకటి ఉంది. కడుపులో ఉండగానే మద్యం తాకిన బిడ్డ, తాగుబోతు తండ్రి ఉన్న ఇంట్లోనే కళ్లు తెరిచే అవకాశం ఎక్కువ. ఒకే బిడ్డకు రెండు దెబ్బలు, ఒకటి పుట్టకముందు, ఒకటి పుట్టాక. మొదటి దెబ్బను వెనక్కి తీసుకోలేం. రెండోదాన్ని ఆపగలం.

మద్యం మాయను సులువుగా దాటుతుంది. తల్లి రక్తంలో ఎంత ఉంటుందో కొద్దిసేపట్లోనే శిశువు రక్తంలోనూ ఇంచుమించు అంతే చేరుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైములు పిండానికి దాదాపు ఉండవు. ఉమ్మనీటిలో చేరింది చాలాసేపు అక్కడే నిలుస్తుంది. ముఖం రూపుకట్టే తొలి వారాల్లో తాగితే చిన్న కళ్లు, సన్నని పైపెదవి, ముక్కు కింద గాడి లేకుండా చదునైన చర్మం కనిపించవచ్చు. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముఖంలో ఏ తేడా లేని పిల్లల్లోనూ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, కోపాన్ని అదుపు చేసుకునే శక్తి దెబ్బతినవచ్చు. ఈ లక్షణాలను 1968లో ఫ్రాన్స్‌లో పాల్ లెమ్వాన్ బృందం 127 మంది పిల్లల్లో వర్ణించింది. 1973లో సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ బృందం వాటికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది.

పెంపకం ప్రభావాన్ని మనుషుల్లో అందరికంటే స్పష్టంగా చూపింది ఆ సియాటిల్ బృందంలోనే పనిచేసిన ఆన్ స్ట్రైస్‌గూత్. 2004లో ప్రచురితమైన అధ్యయనంలో ఆమె బృందం ఆరేళ్ల నుంచి యాభై ఒక్కేళ్ల వరకు వయసున్న, కడుపులో మద్యం తాకిన 415 మందిని పరిశీలించింది. వారిలో కౌమార వయసువారు, పెద్దల విషయం చూస్తే నూటికి 61 మంది చదువు మధ్యలో దెబ్బతిన్నవారు, 60 మంది చట్టంతో చిక్కుల్లో పడ్డవారు, 35 మంది తాగుడుకో మాదకద్రవ్యాలకో లొంగినవారు. ఇది మెదడు దెబ్బ ఒక్కటే చేసిన పని అనుకుంటే ఆశకు చోటు లేదు. కానీ ఆ గుంపులోనే చిన్న వయసులో నిర్ధారణ జరిగినవారు, నిలకడైన, ఆదరణ ఉన్న ఇంట్లో పెరిగినవారు ఈ ఆపదలను తప్పించుకునే అవకాశం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా ఉంది. సమస్యకు పేరు పెట్టడం, ఇల్లు మారకుండా ఉండటం, ఇంట్లో కొట్లాట లేకపోవడం – ఈ మూడింటికీ మందుల దుకాణంతో పనిలేదు.

ఈ అధ్యయనానికి ఒక పరిమితి ఉంది. మంచి ఇల్లు దొరికిన పిల్లలకు మొదటే తక్కువ దెబ్బ తగిలి ఉండవచ్చు. మనుషుల్లో ఈ ముడి విప్పడం కష్టం కాబట్టి పరిశోధకులు ఎలుకల దగ్గరికి వెళ్లారు. అక్కడ మద్యం తాగిన తల్లికి పుట్టిన పిల్లను తాగని తల్లి దగ్గర పెట్టి పెంచవచ్చు. మద్యం వల్ల తల్లి తిండి తగ్గుతుంది కాబట్టి, తాగని మరో తల్లికి అంతే తిండి పెట్టి పోల్చవచ్చు. కెనడాలో జోన్ వైన్‌బర్గ్ బృందం 1990ల్లో ఇలాంటి జాగ్రత్తలు తీసుకుని, పుట్టిన తొలి వారాల్లో రోజూ కాసేపు పిల్లలను చేతుల్లోకి తీసుకుని తిరిగి తల్లి దగ్గర పెట్టింది. మద్యం తాకిన ఎలుకల్లో ఒత్తిడి హార్మోను అతిగా ఎగసిపడటం వంటి కొన్ని దోషాలు అలా పెంచినప్పుడు తగ్గాయి. తల్లి ఎక్కువగా నాకి శుభ్రం చేసే ఎలుక పిల్లల్లో ఒత్తిడిని అదుపు చేసే జన్యువుల పనితీరే మారుతుందని మైకేల్ మీనీ బృందం 2004లో చూపిన ఫలితం ఈ మార్గానికి ఒక వివరణ ఇస్తుంది. అది మద్యం మీద చేసిన ప్రయోగం కాదు.

ఇక్కడే ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. హానిగన్, బెర్మన్ బృందం మద్యం తాకిన ఎలుకలను ఆటవస్తువులు, తోడు ఉన్న పెద్ద బోనుల్లో పెంచింది. వాటి ప్రవర్తన మెరుగైంది. కానీ మామూలు ఎలుకల హిప్పోక్యాంపస్‌లో అలాంటి పెంపకం వల్ల కనిపించే నాడీకణాల ముళ్ల పెరుగుదల వీటిలో కనిపించలేదు. అంటే మెదడు కట్టడం బాగుపడకుండానే నడత మారవచ్చు. పెంపకం మీద అతిగా ఆశ పెట్టేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. అయినా బిడ్డకు, తల్లికి, టీచరుకు రోజూ ఎదురయ్యేది నడతే.

తల్లీబిడ్డల బంధం గురించి మేరీ ఓకానర్ బృందం 2002లో నాలుగైదేళ్ల పిల్లల మీద ప్రచురించిన పరిశోధన మన దగ్గర ఎక్కువమంది చదవాల్సింది. గర్భంలో ఎక్కువ మద్యం తాకిన పిల్లల్లో తల్లితో భద్రమైన అనుబంధం తక్కువగా ఉంది. అయితే మనసెరిగి ఆసరా ఇచ్చే తల్లులున్న పిల్లలు కష్టాన్ని తట్టుకోవడంలో, అనుబంధంలో మెరుగ్గా ఉన్నారు. కాబట్టి తాగిన తల్లిని తిట్టి, అవమానించి, బిడ్డ నుంచి దూరం చేస్తే బిడ్డకు మిగిలిన ఒక్క మందునూ మనమే లాక్కున్నట్టు. పైగా నిందకు భయపడి ఆమె నోరు విప్పదు, నిర్ధారణ ఆలస్యమవుతుంది.

పెంపకంలో తిండి కూడా భాగమే. అమెరికాలోని మిన్నెసోటాలో జెఫ్రీ వోజ్నియాక్ బృందం మద్యం తాకిన రెండున్నర నుంచి ఐదేళ్ల పిల్లలకు తొమ్మిది నెలలపాటు రోజూ 500 మిల్లీగ్రాముల కోలీన్ అనే పోషకాన్ని ఇచ్చింది. అప్పటికప్పుడు ప్రయోజనం కనిపించింది ప్రధానంగా చిన్న వయసు పిల్లల్లోనే. నాలుగేళ్ల తర్వాత చూసినప్పుడు మాటలతో పనిలేని తెలివితేటల్లో, జ్ఞాపకశక్తిలో తేడా బయటపడింది. పిల్లల సంఖ్య తక్కువ కాబట్టి తొందరపడకూడదు. ఒక కోడిగుడ్డులో కోలీన్ దాదాపు 150 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అంగన్‌వాడీలు ఇచ్చే గుడ్డును చికిత్స అనలేం. కానీ గుడ్డు మాయమైపోయే అంగన్‌వాడీలో కోలుకునే అవకాశం కూడా కొంత పోతుందని అనుకోవడానికి ఆధారం ఉంది.

ఈ పెంపకం రోజువారీగా ఎలా ఉంటుంది? మద్యం తాకిన పసిబిడ్డ రొమ్ము గట్టిగా పట్టలేకపోవచ్చు. రెండు గుక్కలు తాగి అలసిపోతాడు. వెలుతురు, మిక్సీ చప్పుడు, గట్టి మాట – దేనికైనా ఉలిక్కిపడి ఏడుస్తాడు. అటువంటి బిడ్డకు గది కాస్త చీకటి చేసి, గుడ్డలో ఒద్దికగా చుట్టి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు పట్టాలి. మూడేళ్లప్పుడు "చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, అన్నానికి రా" అంటే మూడు పనుల్లో ఒకటే గుర్తుంటుంది. అది పొగరు కాదు. ఒకసారి ఒకే మాట, రోజూ అదే వేళకు అదే పని, తప్పు చేస్తే దెబ్బ బదులు మళ్లీ చూపించడం అవసరం. ఇదంతా ఒక్క తల్లి వల్ల కాదు. రాత్రి తాగి వచ్చి అరిచే మనిషి ఉన్న ఇంట్లో అసలు సాగదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు అడిగింది ఇంటి శాంతే. ఆ శాంతి మద్యం తాకిన పిల్లలకు మందులా పనిచేస్తుందని ఇవాళ్టి పరిశోధన చెబుతోంది.

పని చేసే యంత్రాంగం మన దగ్గర లేకపోలేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్లి చూడాలి. 2018 నుంచి మూడో నెల మొదలు పదిహేనో నెల దాకా మరో ఐదుసార్లు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందాలు పిల్లలను పరీక్షిస్తాయి. ఆ కార్యక్రమం 30 లోపాలను జాబితా కట్టింది. అందులో ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లోనూ అది విడిగా లేదు. మన మద్యం సీసాల మీద 2019 నుంచి తప్పనిసరి చేసిన హెచ్చరిక ఆరోగ్యం గురించి, వాహనం నడపడం గురించి చెబుతుంది, గర్భిణి ఊసెత్తదు. జాబితాలో లేని జబ్బును ఎవరూ వెతకరు.

శ్రీ విజయపురం ఆరోగ్య అధికారులకు, మిడిల్ పాయింట్‌లో తల్లులను చూసే నర్సులకు, ఆశాలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఈ వ్యాసకర్త విన్నపం ఒక్కటే. గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడు, భర్త, అత్త వినని చోట, ఆమె భాషలోనే అడగండి: "అమ్మా, నెల తప్పిందని తెలియకముందు కల్లు గానీ, బీరు గానీ, బ్రాందీ గానీ తీసుకున్నారా? ఇంట్లో ఎవరైనా తాగుతారా?" తెలుగువాళ్లకు తెలుగులో, బెంగాలీలకు బెంగాలీలో. అవునంటే మందలించకండి. ఈరోజే మానేసినా బిడ్డకు మేలేనని చెప్పండి. పుట్టాక ఆ బిడ్డ ఇంటికి అందరికంటే ముందు వెళ్లండి.