పంటి వేరు పుచ్చు: నోటిలో పుట్టినదీ, ప్రయోగశాలలో చేసినదీ

బ్రిటన్‌లో ఆంగ్లో-సాక్సన్ కాలం నాటి అస్థిపంజరాల పళ్లను పరీక్షించిన మూర్, కార్బెట్ 1971లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. ఆనాటివారి పళ్లు ఎక్కువగా పుచ్చింది నమిలే భాగంలో కాదు, వేరు మొదలయ్యే పంటి మెడ దగ్గర. చక్కెర వాడకం పెరిగాక పుచ్చు పైకి, నమిలే గాడుల్లోకీ పళ్ల సందుల్లోకీ పాకింది. పరిశోధకుల చూపు కూడా అటే పోయి, వేరు చాలాకాలం వెనకబడింది.

పన్నును కావాలని పుచ్చబెట్టి చూసే ప్రయత్నం 19వ శతాబ్దంలోనే మొదలైంది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు మిల్లర్, పీకిన పళ్లను రొట్టె కలిపిన లాలాజలంలో నానబెట్టాడు. సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని పులియబెడితే పుట్టే ఆమ్లం మొదట ఖనిజాన్ని కరిగిస్తుందనీ, మెత్తబడి మిగిలినదాన్ని ఆ తర్వాత సూక్ష్మజీవులు హరిస్తాయనీ 1890 నాటి పుస్తకంలో వివరించాడు. వేరు విషయంలో ఈ రెండో దశే కీలకం. కానీ తర్వాతి ప్రయోగశాలలు చాలావరకు మొదటి దశ దగ్గరే ఆగిపోయాయి.

అందుకు కారణం, వాటి చూపు ఎక్కువగా పంటి పైపొర అయిన ఎనామెల్ మీదే ఉండడం. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే కనుక ఆమ్లం ఒక్కటే చాలావరకు కథ నడిపిస్తుంది. వేరులోని డెంటిన్‌లో ఖనిజం 70 శాతమే. మిగతాది ముఖ్యంగా కొల్లాజెన్ అనే ప్రొటీన్, నీరు. ఎనామెల్ కరగడానికి పీహెచ్ 5.5 దాకా పడిపోవాలి, వేరుకు 6 పైచిలుకే చాలు.

ప్రయోగశాలలో ఆమ్లపు జెల్‌లో కొన్నాళ్లు ఉంచిన వేరు ముక్కలన్నీ దాదాపు ఒకేలా పుచ్చుతాయి. టూత్‌పేస్టులను పోల్చి చూడడానికి ఇది వీలైన పద్ధతి. అయితే ఆ పుచ్చులో సూక్ష్మజీవులు ఉండవు, కొల్లాజెన్ వల చాలావరకు చెక్కుచెదరదు. నోటిలో అలా జరగదు. సూక్ష్మజీవులు త్వరగానే లోపలికి చొరబడతాయి. పన్ను బతికి ఉంటే డెంటిన్ తన సన్నని నాళాలను ఖనిజంతో పూడ్చుకుంటూ ఎదురు నిలుస్తుంది. ఒక పుచ్చుకూ మరో పుచ్చుకూ పోలిక కుదరదు.

1998లో ఫిన్లాండ్‌కు చెందిన త్యాదెర్హానె బృందం మరో ముడి విప్పింది. కొల్లాజెన్‌ను తెంచే ఎంజైములు మనిషి శరీరంలోనివే కావచ్చు. ఆమ్లంలో అవి మేల్కొంటాయి, పీహెచ్ తిరిగి తటస్థానికి చేరాక పని మొదలుపెడతాయి. పగలూ రాత్రీ ఒకే ఆమ్లంలో మునిగిన ముక్కకు ఆ ఘడియే రాదు. ఆమ్లాన్నీ తటస్థ ఖనిజ ద్రావణాన్నీ మార్చి మార్చి ఇచ్చే పద్ధతి 1980లలో వేళ్లూనడం అందుకే పెద్ద ముందడుగు.

డెన్మార్క్‌లో నైవద్, ఫెయెర్‌స్కోవ్ 1986లో రోగుల నోటిలోనే పరిశీలించారు. పళ్లు శ్రద్ధగా తోమి, ఫ్లోరైడ్ వాడితే మెత్తటి వేరు పుచ్చు గట్టిపడి ఆగిపోయింది. ఆ తర్వాత వేరు ముక్కలను స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి కట్టుడు పళ్లలో అమర్చే ప్రయోగాలూ వచ్చాయి. అక్కడ లాలాజలం, తిండి, పాచి అన్నీ నిజమైనవే. పంటి లోపలి ప్రాణమున్న గుజ్జు మాత్రం ఉండదు. జెల్‌లో నెగ్గిన మందును వృద్ధుల వేరు పుచ్చుకు సిఫారసు చేసే ముందు, కొల్లాజెన్ తెగిన సహజ పుచ్చు మీదా పరీక్షించి తీరాలి.