మందా, తణ్ణా? మద్రాసు తెలుగులో తాగుడు మాటలు

ఆంధ్రా నుంచి చుట్టాలొస్తే మా మద్రాసు తెలుగిళ్ళలో ఒక మాట దగ్గర నవ్వులాట తప్పదు. మాకు మందు అంటే జ్వరానికి వేసుకొనేది, అంతే. పక్కన అరవంలో మరుందు ఉండాది కదా, దాని బలం. వాళ్ళకేమో సాయంత్రం గ్లాసులో పోసుకొనేదీ మందే. దాన్ని మేము తణ్ణి అంటాం. "తణ్ణి వేసుకొని వచ్చాడు" అంటే ఒంగోలు చుట్టం, ఎవర్ని తన్నాడని అడుగుతాడు!

అసలు ఈ ఊళ్ళో బ్రాంది కొన్నాళ్ళు కాగితం మీద మందే. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధాన్ని మొదట సేలం జిల్లాలో పెట్టింది. మరుసటేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1948కి రాష్ట్రమంతా. పోయిన అబ్కారీ రాబడి పూడ్చుకోవడానికే 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. కామర్స్ చదివినవాణ్ణి గనక ఈ సంగతి నాకు భలే ఇష్టం. తాగనివాడు కూడా ఉప్పూ పప్పూ కొని ఆ లోటు పూడ్చాడన్నమాట.

నిషేధం ఉన్న రోజుల్లో డాక్టరు చీటీ ఉంటే పర్మిట్ మీద సీసా దొరికేది. చీటీకి దారి లేనివాడు దొంగసారాయికి, వార్నిష్‌కి పోయాడు. కొందరు తిరిగి రాలేదు. ఆంధ్ర విడిపోయాక కూడా ఈ తగువు వదల్లేదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం నిషేధం విషయం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఇక్కడేమో 1971లో తెరిచారు, 1974లో మూశారు, తర్వాత మళ్ళీ తెరిచారు. 1983లో పుట్టిన టాస్మాక్‌కి 2003లో చిల్లర అమ్మకం కూడా ఇచ్చేశారు. అప్పట్నించి మా బ్రాందీ అంగడి పేరే టాస్మాక్ అయిపోయింది.

క్వార్టర్ అంటే 180 మి.లీ. 750 సీసాలో నాలుగో వంతు 187.5 రావాలి, ఏడున్నర ఎక్కడ పోయిందో ఏ ఆడిటరూ అడగలేదు! క్వార్టర్‌ని ఇద్దరు పంచుకుంటే కట్టింగ్. నంజుకొనేది సైడ్ డిష్. ఆంధ్రావాళ్ళు స్టఫ్ అంటారు.

క్లబ్బుల కాక్‌టెయిల్ వేరే లోకం అనుకోకండి. విస్కీలో వేడినీళ్ళు, తేనె, నిమ్మరసం కలిపే హాట్ టాడీ ఉందే, ఆ టాడీ హిందీ తాడీయే, అంటే కల్లు. మన తాడిచెట్టుకి చుట్టం. చెట్టు పేరు సీమకి పోయింది, కల్లు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఈ ఊరి పారిశుద్ధ్యపు పనివాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే, తాతలనాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. కట్టింగ్ వేసుకోకపోతే మురుగు గుంతలో ఆ కంపుకి దిగలేమంటారు. రక్షణ సరంజామా లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం, అయినా దించుతూనే ఉన్నారు. బ్యాంకు ఆఫీసర్లం పార్టీలో వేసుకుంటే సోషల్ డ్రింకింగ్ అనుకునేవాళ్ళం. అతను పొద్దున్నే వేసుకుంటే తాగుబోతు. నాకు తెలిసిన ఒక పెద్దాయన మాత్రం దాన్ని తణ్ణి అనడు, మందు అనే అంటాడు. ఆంధ్రా అర్థంలో కాదు. ఆ ఇళ్ళల్లో తెలుగు ఇంకా బతికే ఉంది, పిల్లలు మాత్రం బడిలో అరవమే రాస్తున్నారు. ముసలివాళ్ళు ఉండగానే వాళ్ళ మాటలు ఎవరైనా కూర్చొని రాసుకోవాలి. నేను ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను.