బరంపురంలో క్రిమినల్ కేసుల వివరాలు వెతకడం

ఫలానా మనిషి పేరు కొడితే పాత నేరాలన్నీ ఒకేచోట చూపించే బహిరంగ జాబితా ఒడిశాలో బరంపురం ఉన్న గంజాం జిల్లాలో లేదు. ఉన్నవి రెండు దారులు: పోలీసు ఎఫ్‌ఐఆర్, కోర్టు రికార్డు.

ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. ఒడిశా పోలీసుల పౌర పోర్టల్లో వెతికేవారు ముందు సరైన పోలీసు జిల్లాను ఎంచుకోవాలి. రెవెన్యూ లెక్కన గంజాం ఒకటే జిల్లా, ముఖ్యపట్టణం ఛత్రపురం. పోలీసు లెక్కన గంజాం వేరు, బరంపురం వేరు. ఉదాహరణకు బడా బజార్ ఠాణా బరంపురం కింద ఉంటుంది.

కేసు కోర్టుకెక్కాక ఈ-కోర్ట్స్ సైటు అందుకుంటుంది. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ సంఖ్య (కేసు గుర్తింపు సంఖ్య) తెలిస్తే పని నిమిషంలో అవుతుంది. లేకపోతే ఠాణా, ఎఫ్‌ఐఆర్ సంఖ్య, సంవత్సరం కావాలి.

పేరుతో వెతకడమే కష్టం, ముఖ్యంగా ఇక్కడి తెలుగువారికి. ఒక కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది, మరోదాంట్లో పొడి అక్షరమే మిగులుతుంది. ‘అప్పారావు’ను ఇంగ్లిషులో ఒక గుమాస్తా కలిపి రాస్తాడు, ఇంకొకరు విడదీస్తారు. అన్ని రకాలుగానూ కొట్టి చూడాలి. పేరు కలిసినంత మాత్రాన మనిషి అతడే అనుకోకూడదు. తండ్రి పేరు, చిరునామా సరిపోవాలి.

ఎఫ్‌ఐఆర్ ఆరోపణ మాత్రమే. కేసు కొట్టేశారో, శిక్ష పడిందో తీర్పు చదివితేనే తెలుస్తుంది. ధ్రువీకరించిన నకలు కావాలంటే కోర్టు కాపీయింగ్ విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి.