ఒంట్లో కొవ్వెంత? - ఒక అంకె కథ

"ఉచిత శరీర పరీక్ష" అని బోర్డు పెట్టి, ఓ యంత్రం మీద నిలబెట్టి, "మీ ఒంట్లో కొవ్వు 31.4 శాతం" అని బెదరగొట్టి, ఆ వెంటనే పొడి డబ్బా అంటగట్టే దుకాణాలు మన ఊళ్ళలో కనిపిస్తూనే ఉంటాయి. ఘడియలూ విఘడియలూ లెక్కగట్టారు కాబట్టి జాతకం నిజమేనంటే మనం నవ్వుతాం. మరి దశాంశ బిందువు కనబడగానే ఎందుకు నమ్మేస్తాం? అసలు ఈ అంకె ఎలా పుట్టిందో చూద్దాం.

బతికున్న మనిషిలోంచి కొవ్వును విడదీసి తూచలేం కదా! అందుకని అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ మనిషిని నీళ్ళలో ముంచి తూచాడు. కొవ్వు నీటికన్నా తేలిక, కండరం బరువు. 1942లో ఆయన బృందం 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను పరీక్షించింది. ఎత్తు-బరువు పట్టికల ప్రకారం వాళ్ళలో 17 మంది బరువెక్కువై సైన్యానికి పనికిరారు! నీళ్ళ తూకంలో చూస్తే ఆ బరువు చాలామందిలో కొవ్వు కాదు, కండ. తప్పు పట్టికలదే.

అయితే ఈ పద్ధతిలోనూ ఊహలున్నాయి. కొవ్వు సాంద్రత 0.9, మిగతా శరీరానిది 1.1 అనుకుని విలియం సిరి ఒక సూత్రం ఇచ్చాడు: 495ని శరీర సాంద్రతతో భాగించి, 450 తీసేస్తే కొవ్వు శాతం. కానీ పిల్లల ఒంట్లో నీరెక్కువ, ముసలివాళ్ళ ఎముకలు పలచన. అందరికీ 1.1 ఎలా సరిపోతుంది?

ప్రయోగశాల నడిపేవాడి అసలు పని ఇక్కడే ఉంది. ఊపిరంతా వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగులుతుంది. సాంద్రత 1.05 ఉన్న 70 కిలోల మనిషిలో ఆ గాలిని 100 మిల్లీలీటర్లు తప్పుగా లెక్కేస్తే, జవాబు దాదాపు 0.7 శాతం మారిపోతుంది. అందుకే గాలిని అంచనా వెయ్యకుండా కొలవాలి, నీటి వేడి చూడాలి, తెలిసిన బరువులతో తూకాన్ని సరిచూడాలి, ఒకే మనిషిని పదేపదే తూచాలి. ఎక్స్-రేలతో కొలిచే డెక్సా యంత్రాన్నైనా ప్రామాణిక దిమ్మతో క్రమం తప్పకుండా పరీక్షించాల్సిందే.

ఇంత శ్రమ దేనికంటారా? 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఫోటోనే అచ్చేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! సన్నగా కనిపించే మనవాళ్ళకీ మధుమేహం ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి చూపింది. ఆసియావాసులకు బీఎంఐ 23 నుంచే జాగ్రత్త అవసరమని అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. సరిగ్గా కొలిస్తే ప్రాణాలు నిలుస్తాయన్నమాట.

ఇక దుకాణంలోని యంత్రం సంగతి. అది కొవ్వును కొలవదు. ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, నిరోధాన్ని కొలిచి, మిగతాది ఒక సమీకరణంతో ఊహిస్తుంది. మీరు తాగిన నీళ్ళను బట్టి కూడా అంకె మారొచ్చు.

కాబట్టి ఈసారి ఎవరైనా అంకె చెబితే మూడు ప్రశ్నలడగండి. దేన్ని కొలిచారు? ఎవరి మీద తయారైన సమీకరణం? మళ్ళీ కొలిస్తే ఎంత తేడా వస్తుంది? జవాబు చెప్పలేనివాడి దగ్గర డబ్బా కొనకండి. ప్రశ్నకు నిలవని అంకెకీ తాయెత్తుకీ తేడా లేదు.