గోల్డెన్ స్టేట్‌లో క్లే చివరి శీతకాలం

2024 ఏప్రిల్ 16 రాత్రి, శాక్రమెంటోలో, క్లే థాంప్సన్ పదిసార్లు బంతిని బాస్కెట్ వైపు విసిరాడు. ఒక్కటీ పడలేదు. 32 నిమిషాలు ఆడి సున్నా పాయింట్లతో కోర్టు దిగాడు. శాక్రమెంటో కింగ్స్ 118, గోల్డెన్ స్టేట్ వారియర్స్ 94. పదమూడేళ్ళు అతని ఒంటి మీదున్న ఆ జెర్సీలో అదే ఆఖరి ఆట. ముగింపు ముందే చెప్పేస్తున్నాను, దాచడానికేమీ లేదు కనుక. ఆ ఏడాది అతని ఆటను చూస్తూ వచ్చినవాళ్ళకు ఇది ఎటు పోతోందో లోలోపల తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా ప్రతి ఆటకూ వచ్చి కూర్చున్నారు. ఈ షాటైనా పడకపోతుందా అని.

పోయిందేమిటో తెలియాలంటే ముందు ఉన్నదేమిటో చూడాలి. 2011లో వారియర్స్ అతన్ని పదకొండో ఎంపికగా తీసుకున్నారు, పదకొండో నంబర్ జెర్సీ ఇచ్చారు. తండ్రి మైకల్ థాంప్సన్ లేకర్స్‌తో రెండు టైటిళ్ళు గెలిచినవాడు. కొడుకు మాటకారి కాడు. బంతిని ఎక్కువసేపు చేతిలో ఉంచుకునే అలవాటూ లేదు. పరుగెత్తడం, ఖాళీలో ఆగడం, అందుకోవడం, విసరడం, అంతే. 2016 డిసెంబర్ 5న ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు చేశాడు. ఆ అరవైకీ కలిపి అతను బంతిని నేలకు కొట్టింది పదకొండుసార్లే. అంతకు ముందు, 2015 జనవరి 23న, ఇదే శాక్రమెంటో మీద ఒక్క క్వార్టర్‌లో 37 పాయింట్లు. పదమూడు షాట్లు వేస్తే పదమూడూ పడ్డాయి, అందులో తొమ్మిది త్రీ పాయింటర్లు. ఆ పన్నెండు నిమిషాల్లో స్టెఫెన్ కరీ అంతటివాడు పక్కకు తప్పుకుని బంతి అందిస్తూ పోయాడు. అంత ధారాళంగా వచ్చిన చేయి అది. మనిషి గొప్పలు చెప్పుకోలేదు, చేయే చెప్పింది.

2014లో కోచ్‌గా వచ్చిన స్టీవ్ కెర్‌కూ క్లేకూ బంధం మొదటి ఆటకు ముందే మొదలైంది. ఆ వేసవిలో క్లేని ఇచ్చి కెవిన్ లవ్‌ను తెచ్చుకోవాలన్న ఆలోచన జట్టులో గట్టిగా నడిచింది. దానికి అడ్డుపడ్డవాళ్ళలో జెర్రీ వెస్ట్‌తో పాటు కెర్ కూడా ఉన్నారు. క్లే ఉండిపోయాడు. మరుసటి ఏడాదే జట్టు టైటిల్ గెలిచింది. 2017లో, 2018లో మళ్ళీ గెలిచింది. పదేళ్ళ తర్వాత కెర్ మమకారాన్ని బలహీనత అన్నవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి తలచుకుని ఉండాల్సింది. ఆ మమకారం అలవాటుగా పుట్టింది కాదు. జట్టులో కొందరు క్లేని వదులుకుందామన్న రోజున ఆయన చేసుకున్న ఎంపిక అది.

2019 జూన్ 13. ఫైనల్స్ ఆరో ఆట, టొరంటో రాప్టర్స్‌తో. ఓక్లాండ్‌లోని పాత ఒరాకిల్ అరీనాలో వారియర్స్‌కు అదే చివరి రాత్రి. మూడో క్వార్టర్ ముగింపుకు దగ్గరపడుతుండగా క్లే గాలిలోకి లేచాడు, కిందికి వచ్చేటప్పుడు ఎడమ మోకాలు తిరిగిపోయింది. సాయం పట్టి లోపలికి తీసుకుపోతున్నారు. అప్పటికి 28 పాయింట్లు అతనివే. ఫౌల్ షాట్లు వేయకపోతే ఇక ఆటలోకి రానివ్వరని తెలిసి, సొరంగంలోంచి వెనక్కి నడిచి వచ్చాడు. లిగమెంట్ తెగిన కాలి మీద నిలబడి రెండు షాట్లూ వేశాడు. రెండూ పడ్డాయి. జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడింది. టైటిల్ పోయింది, అరీనా పోయింది, ఆ కాలూ పోయింది. ఇంకా ఆడతానన్నాడు, కానీ ఆ కాలు ఇక ఆడే స్థితిలో లేదు.

మోకాలు మానింది. 2020 నవంబర్ 18న, తిరిగి రావడానికి కొద్ది వారాల ముందు, కుడికాలి అకిలిస్ తెగింది. ఇంకో ఏడాది. జట్టు శాన్ ఫ్రాన్సిస్కోలోని కొత్త చేజ్ సెంటర్‌కు మారిపోయింది, అక్కడ అతను ప్రేక్షకుడు. ఒక పడవ కొనుక్కుని అఖాతం నీళ్ళ మీద తిరిగేవాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని ప్రాక్టీసుకు పడవలోనే వచ్చేవాడు. జనం ముచ్చటపడ్డారు. కానీ 2021 నవంబర్‌లో ఒక ఆట అయిపోయి, అరీనా ఖాళీ అయ్యాక కూడా, తల మీద తువాలు కప్పుకుని బెంచీ మీద ఒంటరిగా కూర్చుండిపోయిన క్లేని చూసినవాళ్ళకు ఆ టోపీ కింద ఏముందో అర్థమైంది. 941 రోజులు గడిచాక, 2022 జనవరి 9న, అతను మళ్ళీ ఆడాడు. ఆ జూన్‌లోనే బోస్టన్‌లో నాలుగో టైటిల్.

కథ అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆటగాళ్ళ జీవితాలు అలా మంచి చోట ఆగవు. టైటిల్ వచ్చిందిగదా, పాత రోజులూ వచ్చేశాయని అందరూ అనుకున్నారు, అతనూ అనుకున్నాడు. చేయి మారలేదు. తర్వాతి సీజన్‌లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువగా 301 త్రీలు వేశాడు. మారింది కాళ్ళు. ప్రత్యర్థుల్లో అందరికంటే చురుకైన గార్డును కాపలా కాసే పని ఒకప్పుడు అతనిదే. ఇప్పుడు పక్కకు అడుగు వేసేలోపే వాళ్ళు దాటిపోతున్నారు. 2023 మేలో లేకర్స్ చేతిలో సిరీస్ పోయిన రాత్రి 19 షాట్లలో పడినవి మూడు.

నా మనసు మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఆగేది ఆ వేసవి దగ్గరే. క్లేని పుష్కరకాలంగా ఎరిగిన జనరల్ మేనేజర్ బాబ్ మైయర్స్ ఉద్యోగం వదిలేశాడు. సహచరుడు డ్రేమండ్ గ్రీన్‌కు నాలుగేళ్ళ కొత్త ఒప్పందం దొరికింది. క్లేకి రెండేళ్ళకు సుమారు 4.8 కోట్ల డాలర్లు ఇవ్వజూపారని, అతను ఒప్పుకోలేదని పత్రికలు రాశాయి. తనకు ఇంకా విలువ ఉందని ఆటలోనే చూపిస్తానని బయల్దేరాడు. ప్రతి షాటూ ఒక బేరమైపోయింది. అదే వేసవిలో జట్టులోకొచ్చిన 38 ఏళ్ళ క్రిస్ పాల్ శరత్కాలంలో తన కెరీర్‌లో మొదటిసారి బెంచీ మీంచి ఆడటానికి ఒప్పుకున్నాడు. అందరూ పాల్ గురించే మాట్లాడారు. ఆ మాట క్లేతో కూడా అప్పుడే, శాంతంగా, ఏ ఓటమీ మీద పడకముందే జరిగి ఉంటే?

సీజన్ మొదలైంది. నవంబర్ 1న శాక్రమెంటో మీద ఆఖరి క్షణంలో గెలుపు షాట్ వేశాడు. ఆ ఒక్క షాటు ఎంతమందిని మోసం చేసిందో. తర్వాత వారాల తరబడి గురి తప్పింది. అభిమానుల్లో చీలిక వచ్చింది. బే ఏరియాలో వారియర్స్ జెర్సీలు తొడుక్కున్న పిల్లలతో పెరిగిన తెలుగు ఇళ్ళలోనూ ఈ పేచీ నడిచింది. కుర్రాళ్ళు పొజెమ్‌స్కీ, మోడీ, కుమింగా బెంచీ మీద ఎదురుచూస్తుంటే, తప్పిన షాటు మీద తప్పిన షాటు వేస్తున్నవాణ్ణి ఎందుకు ఆడిస్తున్నారని ఒక పక్షం. అతను ఊరికే మూల నిలబడ్డా ఒక డిఫెండర్ అతుక్కుని ఉంటాడు, కరీకి దారి దొరుకుతుంది, పైగా ఈ అరీనాను కట్టించిన చేతుల్లో ఒకటి అతనిది అని ఇంకో పక్షం. ఇద్దరిదీ నిజమే. జనవరిలో, 21 ఏళ్ళ కుమింగాకు కోచ్ మీద నమ్మకం సడలిందని వార్తలొచ్చాయి. ఒకరి మీద చూపిన దయ ఖరీదు ఇంకొకరు కడుతున్నారు. ఆ బాధను తక్కువ చేసి చూడలేను.

కానీ కెర్ కళ్ళు మూసుకుని ఏమీ లేరు. డిసెంబర్ 12న ఫీనిక్స్‌లో ఆఖరి నిమిషాల్లో క్లేని కూర్చోబెట్టారు. ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌లోనూ అంతే. ఆ రాత్రి అడిగితే క్లే దాచుకోలేదు: అత్యుత్తములలో ఒకడిగా ఉన్నవాడు ఇలా కావడం ఎవరికైనా చాలా కష్టమన్నాడు. ఆ మధ్యలోనే, జనవరి 17న, అసిస్టెంట్ కోచ్ డేయాన్ మిలోయెవిచ్ సాల్ట్ లేక్ సిటీలో హఠాత్తుగా కన్నుమూశాడు. ఆనాటి యూటా ఆట వాయిదా పడి ఫిబ్రవరి 15కు జరిగింది. ఆ ఆటకే కెర్ క్లేని తొలి అయిదుగురిలోంచి తప్పించారు, 2012 తర్వాత మొదటిసారి.

బెంచీ మీంచి లేచి వచ్చి 28 నిమిషాల్లో 35 పాయింట్లు వేశాడు క్లే! ఏడు త్రీలు. వారియర్స్ 140, యూటా 137. ఆ రాత్రి చాలామంది గుండెలు తేలికపడ్డాయి. దారి ఇక్కడుందనిపించింది. బెంచీ విలువ కెర్ కంటే ఎవరికి తెలుసు? ఆయన ఆడిన కాలమంతా దాదాపు బెంచీ మీదే గడిచింది. 1997లో షికాగోకు టైటిల్ తెచ్చిన షాటు బెంచీ మీంచి వచ్చిన ఆ కెర్‌దే. 2014లో ఆండ్రే ఇగ్వోడాలాను బెంచీకి ఒప్పించింది కూడా ఆయనే. ఇగ్వోడాలా ఆ సీజన్ చివర ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. క్లేకి ఈ మాటలన్నీ తెలుసు. కానీ ఇగ్వోడాలాను అడిగింది సీజన్ మొదట్లో, ఒప్పందం చేతిలో ఉండగా. క్లేని అడిగింది సగం శీతకాలం దాటాక, ఒప్పందం ముగిసిపోతుండగా, నెలల తరబడి ఊళ్ళన్నీ అతని తప్పులు లెక్కపెట్టాక. ఆ సీజన్‌లో పద్నాలుగు ఆటలు బెంచీ మీంచి ఆడాడు. చివర్లో కుమింగా మోకాలి నొప్పితో ఆగిపోతే మళ్ళీ తొలి అయిదుగురిలోకి వచ్చాడు. ఆటకు 17.9 పాయింట్లు, రెండో ఏడాది తర్వాత అతని అతి తక్కువ సగటు.

అలా శాక్రమెంటో వచ్చింది. ఒకటి తప్పింది, రెండు తప్పాయి, అయిదు. తీసేయవచ్చు. కెర్ తీయలేదు. ఆ 32 నిమిషాలను మూర్ఖత్వం అన్నారు. నాకు మాత్రం అది వీడ్కోలులా కనిపిస్తుంది: ఇన్నేళ్ళూ మనకోసం వేశావు, నీ చేయి కుదురుకునే దాకా వేయి అని. చేయి కుదురుకోలేదు. ఆట ముగిశాక కెర్ విలేకరులతో, క్లే తిరిగి రావాలనే జట్టులో అందరి కోరిక అన్నారు.

కానీ కోచ్ చేతిలో ఉన్నవి నిమిషాలు. ఏళ్ళు ఆఫీసు చేతిలో ఉంటాయి. అభిమానులు నిమిషాల మీద కొట్టుకుంటుండగా ఏళ్ళు జారిపోయాయి. జూలైలో క్లే డాలస్ వెళ్ళిపోయాడు, మూడేళ్ళకు 5 కోట్ల డాలర్లకు, 31వ నంబర్ జెర్సీకి. నవంబర్ 12న శాన్ ఫ్రాన్సిస్కోకు ప్రత్యర్థిగా వచ్చినప్పుడు అరీనా నిండా కెప్టెన్ టోపీలు పంచారు. అతను 22 పాయింట్లు వేశాడు, ఆరు త్రీలు. గెలిచింది వారియర్స్, 120-117.

నా తీర్పు ఒక్కటే. కెర్ అతన్ని అంతగా నమ్మినందుకు తప్పు పట్టలేను. ఫిబ్రవరిలో అడిగినది అక్టోబర్‌లో అడగనందుకు తప్పు పడతాను. ఆ నాలుగు నెలలూ క్లే ప్రతి రాత్రీ పదిమంది ముందు తన విలువ నిరూపించుకోవలసి వచ్చింది.