పాట ఆగలేదు కాబట్టే ప్రమాదం

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి ఆ ఊరు రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడి సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడ్డాయి. వేడిగాలి తగ్గితే ఫర్నేస్ చల్లబడుతుందని ఆ ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అందుకే గాలిని కాచే స్టవ్‌లలో ఒకటి ఫర్నేస్‌కు వేడిగాలి ఊదుతుంటే పక్కనున్నవి కాగుతూ తమ వంతు కోసం సిద్ధమవుతాయి. ఒకటి పనిలో, ఇంకొకటి సిద్ధంగా. ఉక్కు కార్మికుడికి రోజూ కనిపించే ఈ ఏర్పాటే మనం వినే రేడియో వెనకా ఉంది.

విజయవాడ వినిపించే రాత్రులు

భిలాయ్‌కి దగ్గరి ఆకాశవాణి కేంద్రం రాయ్‌పూర్‌ది. 1963 అక్టోబరు 2న మొదలైంది. మీడియం వేవ్ రేడియోలో తెలుగు వినాలంటే మాత్రం చీకటి పడాలి. మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట పైనున్న అయానోస్ఫియర్‌ను తాకి మళ్లీ నేలకు దిగుతాయి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం భిలాయ్‌కి సూటిగా 500 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరాన్ని దాటి ఒక గొంతు వస్తూ పోతూ, తేలుతూ మునుగుతూ వినిపించడానికి ఆ ఆకాశపు అద్దమే ఆధారం.

ఎఫ్ఎంకు ఆ అద్దం లేదు. అమెరికా ఇంజినీర్ ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్లు పొందిన ఈ పద్ధతిలో గరగర తగ్గి పాట తేటగా వినిపిస్తుంది. కానీ ఆ తరంగం దాదాపు చూపు మేరకే వెళ్తుంది. 100 మీటర్ల టవర్‌కు అందే దిక్చక్రం సుమారు 41 కిలోమీటర్లు. రాయ్‌పూర్ నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న భిలాయ్ ఆ పరిధిలోకి వస్తుంది. అది దాటిన ఊళ్లకు వేరే టవర్ కట్టాల్సిందే.

మన దేశంలో మొదటి ఎఫ్ఎం ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది. 1984లో నాగర్‌కోయిల్‌లో తొలి స్థానిక కేంద్రం వచ్చింది. 1989లో మన బొగ్గు పట్నం కొత్తగూడేనికీ ఆ భాగ్యం దక్కింది. టవర్లు పెరిగినకొద్దీ ప్రతిచోటా రాత్రింబవళ్లు మనిషిని కూర్చోబెట్టి, గంటగంటకూ మీటర్లు చూసి లాగ్‌బుక్ రాయించడం కష్టమైంది.

జంట యంత్రం దాచే లోపం

భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసి ఆకాశవాణికి ఇచ్చిన 3 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌ను దగ్గరగా చూద్దాం. తరంగాన్ని పుట్టించే ఎక్సైటర్లు అందులో రెండు. ఒకటి పనిచేస్తుంటే రెండోది స్టాండ్‌బై. మొదటిది మొరాయించగానే కంట్రోల్ యూనిట్ రెండోదానికి మారుస్తుంది. ఆ పైన ఒకటిన్నర కిలోవాట్ల యాంప్లిఫయర్లు రెండు. వాటి శక్తిని కంబైనర్ కలిపి యాంటెన్నాకు పంపుతుంది.

ఒక యాంప్లిఫయర్ పోతే సగం శక్తి మిగులుతుందని ఎవరైనా అనుకుంటారు. కంబైనర్ లెక్క వేరు. మిగిలిన యాంప్లిఫయర్ ఇచ్చే ఒకటిన్నర కిలోవాట్లలో సగం కంబైనర్‌లోని రెసిస్టర్‌లో వేడిగా పోతుంది. యాంటెన్నాకు చేరేది ముప్పావు కిలోవాటు, అంటే నాలుగో వంతే. అయినా పాట ఆగదు. టవర్ దగ్గరి ఇంట్లో తేడా ఏమీ తెలియదు. ఎక్కడో పరిధి అంచున ఉన్న ఊళ్లో మాత్రం గరగర మొదలవుతుంది. ఆ ఊరివాళ్లు తమ రేడియోయే పాడైందనుకుంటారు.

నా దృష్టిలో ఈ కథకు మూలం ఇక్కడే ఉంది. ఒక్క యంత్రమే ఉంటే, అది ఆగగానే ఊరంతటికీ తెలుస్తుంది. రెండుంటే మొదటిది చచ్చినా ఎవరికీ తెలియదు. ఆ క్షణం నుంచి మనం స్టాండ్‌బై లేకుండా నడుస్తుంటాం. జంట యంత్రం మనకు ఇచ్చేది రక్షణ కాదు, గడువు. ఆ గడువు మొదలైందని ఎవరో ఒకరు చెప్పాలి.

సహాయ వ్యవస్థ విఫలమైతే ఏమవుతుందో భిలాయ్‌కి తెలుసు. 2014 జూన్ 12న కర్మాగారంలో నీటి సరఫరా దెబ్బతిని, గ్యాస్ లీకై ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. రేడియో ఆగితే అంత ఘోరం జరగకపోవచ్చు. కానీ తుపాను రాత్రి కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయినప్పుడు బ్యాటరీ రేడియోలో వినిపించే హెచ్చరికే కొన్ని ఊళ్లకు దిక్కు.

కాపలా తీగల మీదికి

1988లో ఎస్ఎన్ఎంపీ అనే నెట్‌వర్క్ భాష వచ్చింది. కంప్యూటర్ నెట్‌వర్క్‌ల కోసం పుట్టిన ఈ భాషను తర్వాత ట్రాన్స్‌మిటర్లు కూడా నేర్చుకున్నాయి. దూరాన ఉన్న కంప్యూటర్ నిర్ణీత వ్యవధిలో అడుగుతుంది: ఫార్వర్డ్ పవర్ ఎంత? యాంటెన్నా నుంచి వెనక్కి వస్తున్న రిఫ్లెక్టెడ్ పవర్ ఎంత? ఫ్యాన్లు తిరుగుతున్నాయా? ఏదైనా హద్దు దాటితే, అడిగేదాకా ఆగకుండా ట్రాన్స్‌మిటరే కబురు పంపుతుంది. దాన్ని ట్రాప్ అంటారు.

2005లో ప్రైవేటు ఎఫ్ఎం రెండో దశ విధానం వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. ఒక నగరంలోని స్టేషన్లన్నీ ఒకే టవర్‌ను, ఒకే యాంటెన్నాను పంచుకోవాలన్నారు. స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మిటర్ మరోచోట అయ్యాయి.

చూడటం ఒక ఎత్తు, సెట్టింగులు సరిచూడటం మరో ఎత్తు. కొన్ని చోట్ల నాలుగైదు ట్రాన్స్‌మిటర్లకు ఒకే స్టాండ్‌బై ఉంటుంది. దీన్ని ఎన్ ప్లస్ వన్ అంటారు. ఏది ఆగితే దాని ఫ్రీక్వెన్సీని, పవర్‌ను, ఆడియోను స్టాండ్‌బై క్షణాల్లో అందుకోవాలి. మెయిన్‌లో ఒక సెట్టింగు మార్చి, స్టాండ్‌బైలో మార్చడం మరిచిపోయారనుకోండి. ఆ పొరపాటు నెలల తరబడి నిద్రపోయి, సరిగ్గా అవసరమైన రాత్రే బయటపడుతుంది. అందుకే అనుభవమున్న ఇంజినీర్లు స్టాండ్‌బైని వారానికోసారైనా యాంటెన్నాకు బదులు డమ్మీ లోడ్ మీద నడిపి చూస్తారు. రెండింటి సెట్టింగులనూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఫ్యాక్టరీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చేస్తారు. తీగ మీద మనం లోపలికి వెళ్లగలిగితే ఇతరులూ వెళ్లగలరు.

భిలాయ్‌లో నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి రేడియో పెట్టుకుని కాఫీ తాగుతుంటాడు. అదే వేళలో టవర్ కింది గదిలో రిలే టక్కున మారుతుంది. పాటలో చిన్న వెలితి. అతను గమనించనైనా గమనించడు. ఎక్కడో ఒక తెర మీద మాత్రం ఒక ఎర్ర గీత పడుతుంది: మెయిన్ ఫెయిల్, స్టాండ్‌బై ఆన్. దాన్ని చూసిన ఇంజినీరు పాట వినిపిస్తోంది కదా అని ఊరుకోకుండా, స్పేర్ మాడ్యూల్ బండిలో వేసుకుని బయల్దేరాలి. అప్పుడే ఆ రెండో యంత్రానికి మళ్లీ ఒక తోడు దొరుకుతుంది.