మౌలాలి

కర్నూలు, కడప పల్లెల్లో ఈ పేరు రచ్చబండ దగ్గర వినాలి. “ఏం మౌలాలన్నా, ఈ కార్తెకన్నా వాన వస్తాదంటావా?” ఆ పిలుపులో రెండు అరబ్బీ మాటలున్నాయని అడిగినవాడికీ పలికినవాడికీ గుర్తుండదు. మౌలా, అలీ. మొదటి మాట చివరి ఆకారం రెండోదాని అకారాన్ని కలుపుకుంది, కొసనున్న దీర్ఘం కురచైంది. సవర్ణదీర్ఘ సంధి సూత్రం చదవని నాలుకలు చేసిన పని ఇది.

మౌలా చాలా లోతున్న మాట. దాని ధాతువుకు మూలార్థం దగ్గరితనం. అందుకే అరబ్బీలో యజమానీ మౌలాయే, విడుదలైన బానిసా మౌలాయే. కాచేవాడూ, కాపు పొందేవాడూ, స్నేహితుడూ మౌలాయే. మన దాదావలి, ఖాజావలి పేర్లలోని ‘వలి’ కూడా ఆ ధాతువు బిడ్డే. 632లో గదీర్ ఖుమ్ దగ్గర ప్రవక్త, తనను మౌలాగా ఎంచే వారందరికీ అలీ కూడా మౌలాయేనన్నారు. ఆత్మీయుడని సున్నీలు, నాయకుడని షియాలు అర్థం చెప్పుకున్నారు.

అలీ బతుకులో ఈ అర్థాలన్నీ ఉన్నాయి. 628లో ఖైబర్ కోట ముందు జెండా అందుకున్న వీరుడాయన. తర్వాత నాలుగో ఖలీఫా. 661లో కూఫా మసీదులో కత్తివేటుకు ఒరిగాడు. నా మనసు మాత్రం మదీనాలో ఒక బావి గట్టునే ఆగిపోతుంది. ఇంట్లో పస్తు. పరాయి తోటలో నీళ్లు చేదే కూలికి కుదిరాడు, చేదకొక ఖర్జూరం లెక్కన. తాతలు కపిల తోలిన సీమవాళ్లకు ఆ కష్టం విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకోసారి మసీదులో నేలమీద నిద్రపోతుంటే ప్రవక్త ఆయన ఒంటి దుమ్ము దులుపుతూ ‘అబూ తురాబ్’ అని లేపారు. మట్టికి తండ్రి అని అర్థం. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన పిలుపు అదేనని హదీసులు చెబుతాయి.

కాబట్టి మౌలాలిని ‘ఏలిక అలీ’ అని తెలుగు చేస్తే నేనొప్పుకోను. అందులో కోట ఉంది, బావి లేదు. ‘మౌలాలన్నా’ అనే పిలుపులో ఏలికా, తోడబుట్టినవాడూ ఇద్దరూ ఉన్నారు. అసలు అర్థానికి అదే దగ్గర.

మీ ఊళ్లో మౌలాలి అనే పెద్దాయన ఉంటే, ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ పీర్లసావిడిలో మొక్కుకొని పెట్టారో అడిగి రాసిపెట్టండి.